ఆఖరి పేజీలో తెల్ల బూట్లు

బొమ్మల కథల్లో ప్రేమ ఎక్కడ పుడుతుందో నన్నడగండి, చెప్తాను. మణికట్టు దగ్గర. బడి యూనిఫాంలో ఉన్న కుర్రాడు వెనకనుంచి వచ్చి పిల్ల మణికట్టు పట్టుకుని ఒక్క లాగు లాగుతాడు. ఆ పిల్ల "వదులు, నొప్పెడుతోంది" అంటుంది. వాడు వదలడు. వెంటనే వాన మొదలవుతుంది. ఆ రోజుల్లో సియోల్‌లో బొమ్మల పుస్తకం తెరిచిన ప్రతి ఆడపిల్లకీ ఈ సంగతి తెలుసు. తెలియందల్లా ఒక్కటే. "ఆఖరి బస్సు వెళ్ళాక" అనే కథలో ఆ మణికట్టు నాది.

నా పేరు ఛా గుమ్‌జు. మాంగ్వొన్ పేటలో బెక్ హరాన్ టీచర్ దగ్గర సహాయకురాలిగా పనిచేశాను. టీచర్ అంటే బడిలో పాఠాలు చెప్పే ఆవిడ కాదు, బొమ్మల కథలు గీసేవాళ్ళని మేమలాగే పిలుస్తాం. ఆవిడ మనుషుల్ని గీసేది. మిగతా ప్రపంచమంతా మా నెత్తిన పడేది. బెంచీలు, బస్సులు, బడి గోడలు, ఆస్పత్రి మంచాలు, నాయకుడి తల్లి ఇంట్లో వేలాడే దీపాలు, అన్నీ నేనే గీయాలి. అది చాలదన్నట్టు చుక్కల టోన్ కాగితాన్ని బ్లేడుతో కోసి నీడ ఉన్న చోటల్లా అంటించాలి. గీతలకు సిరా పెట్టడం, వాన కురిపించడం ఇంకో సహాయకుడి పని. అతని పేరు కీ ఇన్‌బోమ్. నాకంటే ముందు చేరాడు కాబట్టి నేను "సీనియర్" అనేదాన్ని, అతను నన్ను "గుమ్‌జూ" అనేవాడు.

కథ గురించి కూడా చెప్పాలి కదా. నాయకుడు ఇహ్యోన్, పెద్ద ఆస్పత్రి యజమానురాలి ఒక్కగానొక్క కొడుకు. నాయిక సొల్లా, ఇంటింటికీ పాల సీసాలు వేసి బడికి పరిగెత్తుకొచ్చే పిల్ల. వాడి తల్లి ఆ పిల్ల ముఖాన గ్లాసుడు మంచినీళ్ళు కొట్టింది. కొన్నాళ్ళకి ఇద్దరూ అన్నాచెల్లెళ్ళేమో అని అనుమానం వచ్చింది. కాదని తేలి ఊపిరి పీల్చుకునేలోపు ఆ పిల్లకి రక్తం జబ్బు పట్టుకుంది. నవ్వకండి. పదిహేను రోజులకోసారి పత్రిక వచ్చే రోజున బడి ఎదురుగా ఉన్న కొట్టు ముందు ఆడపిల్లలు చలిలో నిలబడి ఏడవడం నేను కళ్ళారా చూశాను. వాళ్ళలో కొందరు మా స్టూడియోకి ఫోన్ చేసి, "సొల్లా చచ్చిపోతే మేం పరీక్షలు రాయం" అని బెదిరించేవాళ్ళు కూడా.

టీచర్‌కి ఒక్కటే చిక్కు. అప్పటికే నలభై దాటాయి, పెళ్ళి లేదు, ప్రేమన్నది ఎరగదు. ఆ సంగతి దాచుకునే రకమూ కాదు.

"నన్నెవడూ గోడకి ఆనించి నిలబెట్టలేదే తల్లీ, వాడు చెయ్యి ఎక్కడ పెడతాడో నాకెలా తెలుస్తుంది? లేవండి ఇద్దరూ" అనేది.

మేం లేచేవాళ్ళం. మా స్టూడియోలో ఖాళీ గోడన్నదే లేదు, అన్నీ అలమరాలే. అందుకని గోడ పాత్ర ఫ్రిజ్ వేసేది. నేను ఫ్రిజ్‌కి ఆనుకుని నిలబడితే అతను నా తల పక్కన చెయ్యి ఆనించేవాడు. వీపు వెనక ఫ్రిజ్ గుర్రుమంటూ ఉండేది. లోపల కిమ్చీ పచ్చడి డబ్బా వాసన. తరవాత సంచికలో లక్షమంది ఆడపిల్లలు గుండెలు పట్టుకుని చూసిన సముద్రం ఒడ్డు గోడ అదే.

"వాడు మణికట్టు పట్టుకున్నాడు. గట్టిగా పట్టుకోరా, ముల్లంగి పట్టుకున్నట్టు పట్టుకున్నావేం! నువ్వు తల వంచవే. ఇంకా వంచు. ఏడుస్తున్నావు నువ్వు."

సొల్లా ఎప్పుడూ ఏడుస్తూనే ఉండేది కాబట్టి నేనెప్పుడూ తల వంచుకునే ఉండేదాన్ని. మూడేళ్ళపాటు ఆ దగ్గరితనంలో నేను చూసింది అతని పాదాలే. మాది సగం నేలలోకి దిగిన గది. కిటికీలోంచి చూస్తే వీధిలో పోయేవాళ్ళ కాళ్ళు తప్ప ఇంకేం కనిపించవు. అతను పనికి వస్తున్నాడని కూడా నాకు ముందు కాళ్ళే చెప్పేవి. ఒక మనిషిని కాళ్ళు చూసి ప్రేమించానంటే మా అమ్మ నమ్మేది కాదు గానీ, నేను ప్రేమించింది అలాగే.

ప్రేమించానని ఇప్పుడు ఇంత సులువుగా అంటున్నాను. అప్పుడు అనే వీల్లేదు. చేరిన మొదటి రోజే టీచర్ చెప్పేసింది. "ఈ గదిలో ప్రేమ కాగితం మీదే. కాగితం దిగిందా, ఇద్దరూ బయటికే." నాకంటే ముందు ఇక్కడ పనిచేసిన జంట ప్రేమించుకుని, పోట్లాడుకుని, సరిగ్గా బొమ్మలు పత్రికకి పంపాల్సిన వేళకి చెరో దారి పట్టారట. పోతూ పోతూ టీచర్ మంచి స్కేలు కూడా పట్టుకుపోయారట. ప్రేమ సంగతి ఎలా ఉన్నా ఆ స్కేలు బాధ మాత్రం ఆవిడకి చివరిదాకా తీరలేదు.

అతని చెయ్యి వెచ్చగా ఉండేది. సిరా అంటిన చూపుడువేలు సరిగ్గా నా నాడి మీద ఉండేది. నా గుండె ఎంత వేగంగా కొట్టుకుంటోందో ఆ వేలికి తెలియకుండా ఎలా ఉంటుంది? తెలిసే ఉంటుందని సిగ్గు, తెలిస్తే బాగుండునని ఆశ. కానీ టీచర్ "చాలు" అన్న మరుక్షణం అతను చెయ్యి లాక్కునేవాడు, వేడి పెనం తగిలినట్టు. ఇంకొక్క క్షణం ఉంచితే సొమ్మేం పోయింది? నా ప్రాణం ఉసూరుమనేది. తల వంచుకునే వెళ్ళి నా బల్ల దగ్గర కూర్చుని, సొల్లాని పట్టుకున్న ఆ వేళ్ళకి నీడ అంటించేదాన్ని.

ఇహ్యోన్ చెవులకి కూడా. ఆ కుర్రాడికి అదొక గుర్తు. సొల్లా దగ్గరకి వస్తే చాలు, ముఖం రాయిలా ఉంచినా చెవులు మాత్రం ఎర్రబడిపోతాయి. నలుపూ తెలుపూ పుస్తకంలో ఎరుపంటే చుక్కల కాగితమే.

"టీచర్, వీడికి చెవులేమిటి, ఎప్పుడు చూసినా కాల్చిన చిలగడదుంపల్లా?" అని విసుక్కునేదాన్ని.

"ఆడపిల్లలు చచ్చేది ఆ చెవుల కోసమే. నోర్మూసుకుని అంటించు" అనేది.

ఇన్‌బోమ్ తన బల్ల మీంచి తల ఎత్తేవాడు కాదు.

తరవాత దేశమంతా కుదేలైన ఆ చలికాలం వచ్చింది. దేశం అప్పు తీర్చడానికి జనం ఇళ్ళల్లో బంగారు ఉంగరాలు తీసి ప్రభుత్వానికి ఇస్తున్న రోజులు. మా పత్రిక ఒక్క ఫోన్ కాల్‌తో మూతపడింది. అప్పటికి కథలో ఇహ్యోన్ బస్టాపులో నిలబడి ఉన్నాడు. మంచు పడుతోంది. దూరంగా సొల్లా వస్తున్న బస్సు దీపాలు కనిపిస్తున్నాయి. ఆ బస్సు దీపాలు నేనే గీశాను. తరవాతి సంచికలో ఆ పిల్ల దిగాలి, వాడు పరిగెత్తుకెళ్ళి చెయ్యి పట్టుకోవాలి, మొదటిసారి కౌగిలించుకోవాలి. ఆ భంగిమకి మేమిద్దరం నిలబడాలి. సిగ్గు విడిచి చెప్తున్నాను, ఆ పూట నేను తలంటుకుని, అక్క దగ్గర స్వెట్టర్ అడిగి తొడుక్కుని మరీ వెళ్ళాను. వెళ్ళేసరికి టీచర్ ఫోన్ ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉంది. "బస్సు రాదు పిల్లలూ" అంది.

సామాన్లు సర్దుకోవడానికి ఇంకోరోజు వచ్చాం. నేను వచ్చేటప్పుడు దారిలో అతనికి తెల్ల బూట్లు కొన్నాను. చాలా రోజులుగా కిటికీలోంచి చూస్తున్నాను, అతని ఎడమ బూటు ముందువైపు నోరు తెరుచుకుని నడుస్తూ ఉండేది. మంచు నీళ్ళు లోపలికి పోయి మేజోడు తడిసి ఉండేది. పెట్టెకి నీలం రిబ్బను కట్టి, కమలాపళ్ళ సంచీతో పాటు అతని చేతిలో పెట్టాను.

అతను రిబ్బను ముడి విప్పకుండానే పక్కకి జార్చి, మూత తీసి చాలాసేపు వాటి వంకే చూశాడు.

"సరే గుమ్‌జూ, అర్థమైంది" అన్నాడు.

ఏం అర్థమైందో నాకు బస్సెక్కి సగం దూరం వెళ్ళాక అర్థమైంది. మనసైనవాడికి బూట్లు కొనివ్వకూడదు. ఇస్తే అవి వేసుకుని నిన్ను వదిలి వెళ్ళిపోతాడు. ఇది మా దగ్గర పాలు తాగే పిల్లకి కూడా తెలుసు. పోవాల్సినవాడికి మాట చెప్పలేనివాళ్ళు బూట్లిస్తారు. నాకు తెలియక కాదు. ఆ తడిసిన మేజోడు తప్ప ఆ పూట నా బుర్రలో ఇంకేం లేదు. తల బాదుకుని వెనక్కి వెళ్ళేసరికి గది తాళం వేసి ఉంది. అతను అట్నుంచి అటే దక్షిణాన కోజే దీవికి, ఓడలు కట్టే చోట పనికి వెళ్ళిపోయాడని తరవాత తెలిసింది.

ఇరవై ఏళ్ళు దాటాయి. నేను చిన్నపిల్లల లెక్కల పుస్తకాలకి బొమ్మలు వేస్తూ బతికాను. ఆపిల్ పండ్లు ఎన్ని, బాతులు ఎన్ని. అతని కోసం పెళ్ళి మానేశానని మాత్రం అనుకోకండి, అంత సీను లేదు. సంబంధాలు వచ్చాయి, ఒకాయనతో దాదాపు కుదిరింది కూడా. ఆయన సినిమా హాల్లో నా చెయ్యి పట్టుకున్నాడు. నేను తెర చూడలేదు. ఈయన ఎప్పుడు వదులుతాడా అని చూస్తూ కూర్చున్నాను. ఆ బుద్ధి నాకు పోలేదు. నాకు తెలియాల్సింది ఒక్కటే. మూడేళ్ళు నా మణికట్టు పట్టుకున్నది ఇన్‌బోమా, ఇహ్యోనా? ఇదొక్కటి తెలియక, నా బతుకు కూడా ఆ బస్టాపులోనే ఆగిపోయినట్టు ఉండేది.

ఈ వసంతంలో టీచర్ ఫోన్ చేసింది.

"ఒసేయ్ గుమ్‌జూ, బతికే ఉన్నావా?"

"పండక్కి వచ్చి మీకు దండం పెట్టి వెళ్ళింది నా దెయ్యమా?"

"నోటికేం తక్కువ లేదు. విను. ఫోన్లలో బొమ్మల కథలు వేసే కంపెనీవాళ్ళు మన పాత కథ మొత్తం వేస్తారట. ముగింపు గీసివ్వమంటున్నారు. అప్పటి ఆడపిల్లలు అమ్మలైపోయారు కదా, ఇప్పటికీ బస్సు వచ్చిందా అని అడుగుతున్నారట."

"మంచిదే కదా. ఇప్పుడు కంప్యూటర్లో మనిషి బొమ్మని ఎటు కావాలంటే అటు తిప్పి నిలబెడతారు టీచర్. ఎవరైనా కుర్రాళ్ళని పెట్టుకోండి."

"దానికి మణికట్టు ఉంటుంది గానీ నాడి ఉంటుందా? ఆదివారం పొద్దున్నే రా. వాణ్ణి కూడా రమ్మన్నాను."

"ఎవర్ని?"

"ఇంకెవర్ని, నా ఇహ్యోన్‌ని" అని పెట్టేసింది.

టీచర్ ఇప్పుడు అదే వీధిలో మూడో అంతస్తులో ఉంటోంది. కిటికీలోంచి కాళ్ళకి బదులు చెట్ల చిగుళ్ళు కనిపిస్తాయి. నేను వెళ్ళేసరికి గుమ్మం దగ్గర మగవాళ్ళ నల్ల బూట్లు ఉన్నాయి. తిరిగి వెళ్ళేటప్పుడు ఇట్టే తొడుక్కునేలా ముందువైపు తలుపుకేసి తిప్పి పెట్టి ఉన్నాయి.

లోపల అతను లేచి నిలబడ్డాడు. జుట్టు సగం పోయింది, మిగిలిన సగం నెరిసింది. కళ్ళజోడు నుదుటి మీద ఉంది. నడుం వంచి నమస్కారం పెట్టాడు.

"బాగున్నారా, గుమ్‌జు గారూ."

గారు! ఆ ఒక్క మాట గుండెలో ముల్లులా దిగింది. నేను కూడా తగ్గకుండా, "బాగున్నానండీ, ఇన్‌బోమ్ గారూ" అన్నాను.

"వీడి పొట్ట చూడవే, ఇహ్యోన్ వాళ్ళమ్మ ఆస్పత్రిని మింగేసినట్టున్నాడు" అంది టీచర్. ఆవిడ వేళ్ళ కణుపులు వాచి ఉన్నాయి, పెన్సిల్‌కి గుడ్డ చుట్టి పట్టుకుంది. "నీ పెళ్ళాం ఎలా ఉందిరా?"

"మేం విడిపోయి చాలా ఏళ్ళయింది టీచర్. అమ్మాయి పూసాన్‌లో నర్సు."

"ఉండవా రెండ్రోజులు?"

"మూడింటికి రైలు. రేపు పనుంది."

"సరే, అయితే కబుర్లొద్దు. ఆఖరి పేజీకి తెల్ల బూట్లు తెమ్మన్నాను, ఆ కాలంవి. తెచ్చావా?"

అతను సంచీలోంచి ఒక పెట్టె తీశాడు. మూలలు మెత్తబడిపోయిన పాత అట్టపెట్టె. దాని చుట్టూ నీలం రిబ్బను, రంగు వెలిసిపోయి ఉంది. ముడి మాత్రం నా ముడే. నేను రిబ్బను కడితే ఒక చెవి పొడుగ్గా, ఒకటి పొట్టిగా వస్తుంది.

రిబ్బను జార్చి మూత తీశాడు. బూట్లు కాస్త పసుపు తిరిగాయి, అంతే. అడుగున మట్టి మచ్చ లేదు.

"వేసుకోలేదా?" అన్నాను.

"లేదు."

"సరిపోలేదా?"

"సరిపోతాయో లేదో చూడలేదు." అతను రిబ్బను వేలికి చుట్టుకుంటూ అన్నాడు. "వెళ్ళమని ఇచ్చారు కదా. వెళ్ళాను. వేసుకుంటే మాత్రం, నిజంగానే వెళ్ళిపోయినట్టు అవుతుందని..."

"ఎవరండీ వెళ్ళమంది?"

"బూట్లిస్తే అర్థమేమిటో ఎవరికి తెలీదు?"

"మీ బూటు నోరు తెరుచుకుని ఉంది!" అని అరిచేశాను. "మేజోడు తడిసిపోయి ఉంది! అందుకిచ్చాను. అంతే! నాకు ఇంకేం గుర్తులేదు!"

అతను నోరు తెరిచి నా వంక చూశాడు. నాకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. ఇరవై ఏళ్ళు. ఒక్క చలికాలపు మేజోడు కోసం.

"ఆ ముఖాలు అలాగే ఉంచండి" అంది టీచర్ పెన్సిల్ ఎత్తి. "మాటలు తరవాత. ఇంట్లో బూట్లతో తిరుగుతాడు, నేల మీద పేపర్లు పరవవే. నువ్వు ఫ్రిజ్ దగ్గర నిలబడవే, అప్పుడే బస్సు దిగావు. ఒరేయ్, నువ్వు ఆ తలుపు దగ్గర్నుంచి నడిచి రా."

పేపర్లు పరిచాను. ఫ్రిజ్ దగ్గర నిలబడ్డాను. ఇది కొత్త ఫ్రిజ్, గుర్రుమనదు. అందుకే అతను బూట్లు తొడుక్కుని లేస్తున్న చప్పుడు కూడా వినపడింది. నడిచి రావడం మొదలుపెట్టాడు. అలవాటు కొద్దీ తల వంచుకున్నాను. తెల్ల బూట్లు నావైపు వస్తున్నాయి. అడుగులో అడుగు వేస్తున్నాడు, తొలిసారి నడుస్తున్న పిల్లాడిలా.

గది మధ్యకి వచ్చేసరికి కరకరమని చప్పుడయింది. ఎడమ బూటు మడమ ఊడి పేపరు మీద పడింది. అతను ఆగాడు. రెండో కాలు మోపితే ఆ బూటు అడుగు మొత్తం బిస్కెట్టులా పొడి పొడిగా రాలిపోయింది. అన్నేళ్ళు పెట్టెలో కూర్చుని జిగురూ రబ్బరూ అన్నీ చచ్చిపోయాయి కాబోలు. చివరికి పైభాగాలు మాత్రం కాళ్ళకి గొట్టాల్లా మిగిలాయి. తెల్లని ముక్కల మధ్య అతను వేళ్ళు ముడుచుకుని నిలబడ్డాడు.

టీచర్ నవ్వింది. పెన్సిల్ పడేసి, కడుపు పట్టుకుని, కళ్ళ వెంట నీళ్ళొచ్చేలా నవ్వింది. మేం నవ్వలేదు.

"గుమ్‌జూ" అన్నాడు అతను. గారు లేదు. "నువ్విచ్చిన బూట్లతో ఎక్కడికీ పోలేను."

గొట్టాలు విదిలించేసి, మేజోళ్ళతోనే మిగిలిన దూరం నడిచి వచ్చి నా మణికట్టు పట్టుకున్నాడు. చూపుడువేలు అదే చోట.

"తల వంచవే" అంది టీచర్.

వంచలేదు. చాలు, వంచింది చాలు. జీవితంలో మొదటిసారి అంత దగ్గర్నుంచి తల ఎత్తి అతన్ని చూశాను. ముఖం రాయిలా ఉంది. రెండు చెవులూ మెడ దాకా ఎర్రగా కందిపోయి ఉన్నాయి. మూడేళ్ళు బ్లేడుతో కోసి నా చేత్తో నేను రంగు అంటించిన చెవులు.

"టీచర్..." అన్నాను.

"ఇప్పుడు చూశావా? నేనేదో కల్పించాననుకున్నావు. నాకంత బుర్రెక్కడిది, ఉన్నది ఉన్నట్టు గీశాను."

"మరి ఒక్కసారైనా చెప్పలేదేం?"

"చెప్తే ఇద్దరూ బయటికే కదా. నా కథకి సిరా ఎవరు పెడతారు, బస్సులు ఎవరు గీస్తారు?" ఆవిడ వాచిన వేళ్ళతో కళ్ళు తుడుచుకుంది. "స్వార్థమే. తిట్టుకో. అందుకే పిలిచాను."

టీచర్ మళ్ళీ పెన్సిల్ తీసుకుని గీసింది. వేళ్ళు మొరాయిస్తున్నా గీసింది. ఎంతసేపో తెలీదు. కాసేపటికి "చాలు" అంది.

అతను వదల్లేదు.

"చాలన్నానురా."

"విన్నాను టీచర్" అన్నాడు. వదల్లేదు.

"అప్పుడెందుకు అంత తొందరగా వదిలేసేవాడివి?" అని అడిగాను. ఇరవై ఏళ్ళ నాడు సీనియర్ అని మీరు మీరు అన్నవాణ్ణి నువ్వనేశానని తరవాత గుర్తొచ్చింది.

"ఇంకో క్షణం ఉంచితే వదల్లేనని" అన్నాడు.

టీచర్ గొంతు సవరించుకుని, ఈ ఇంట్లో ముసలిదానికి బార్లీ టీ ఇచ్చేవాళ్ళు లేరా అని గోడని అడిగింది. మెల్లగా మణికట్టు విడిపించుకుని నేనే కదిలాను. వంటగదికి పోవాలంటే గుమ్మం పక్కనుంచే పోవాలి. అక్కడ ఆ నల్ల బూట్లు, ముందువైపు తలుపుకేసి, మూడింటి రైలుకి తయారుగా ఉన్నాయి. ఒక్క క్షణం నిలబడ్డాను. వంగి, రెంటినీ తీసి, బూట్ల అలమరాలో అన్నిటికంటే పై అరలో, టీచర్ గొడుగుల వెనక్కి తోసి, తలుపు మూసేశాను.

"ఏం చప్పుడే అది?" అని అరిచింది టీచర్ లోపల్నుంచి.

"ఏం లేదు టీచర్, ఇల్లు సర్దుతున్నాను" అన్నాను.